తలసరి లెక్కలో మనమెక్కడ?

ప్రతి ఉగాదికీ మన అసోసియేషన్ హాల్లో పంచాంగ శ్రవణం జరుగుతుంది. వెనక వరసల్లో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం కూడా ఆదాయ వ్యయాల దగ్గరికి వచ్చేసరికి చెవులు రిక్కిస్తాం. ఆదాయం 2, వ్యయం 14 అని వినపడితే ఆ రాశివాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. 2, 5, 8, 11, 14 - ఏ రాశికైనా ఈ అంకెలే అటూ ఇటూ తిరుగుతుంటాయి. జాతకాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గాని, పోయినేడాది దాదాపు ఇవే అంకెలు వేరే పట్టికలో కనిపించి నా చేత నిజంగానే ఆదాయ వ్యయాల లెక్క వేయించాయి. ఆ కథే ఇది. నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరుని, రచయితను కాను. తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.

అమ్మాయి తెచ్చిన తగువు

మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. సైన్సు టీచరు పిల్లల్ని జట్లుగా చేసి, జట్టుకో దేశం ఇచ్చి, ఆ దేశం ఏటా గాలిలోకి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతోందో చెప్పమన్నారట. మా పిల్ల జట్టుకి ఇండియా ఇచ్చారు. పుట్టింది ఒహాయోలోనే అయినా, ఇండియా ఎవరికివ్వాలో ఎవరూ ఆలోచించి ఉండరు! క్లాసు గోడ మీద పెద్ద చార్టు. మొదటి స్థానం చైనా, రెండోది అమెరికా, మూడోది ఇండియా. ఒక కుర్రాడు "ఇక్కడ మేం లైట్లు ఆర్పితే ఏం లాభం, అక్కడ మీవాళ్ళు అంతమంది ఉన్నారుగా" అన్నాడట. పిల్ల ఇంటికొచ్చి బ్యాగు ఓ మూల పడేసి, "నాన్నా, తప్పంతా మనదేనా?" అని అడిగింది.

పుట్టిన దేశాన్ని అంటే ఊరుకుంటామా? కాఫీ కప్పు పక్కన పెట్టి కాగితం, కలం తీశాను.

2023లో ప్రపంచం మొత్తం మీద బొగ్గు, చమురు, గ్యాస్ మండించడం వల్లా, సిమెంటు తయారీ వల్లా వెలువడిన కార్బన్ డయాక్సైడ్ ఇంచుమించు 3,700 కోట్ల టన్నులు. ఇందులో చైనాది సుమారు 1,200 కోట్లు, అమెరికాది 500 కోట్లకు కాస్త తక్కువ, ఇండియాది 300 కోట్లు. గోడ మీది చార్టు అబద్ధమేమీ చెప్పలేదు. అయితే అది సగం లెక్క. పదిహేను మంది ఉన్న ఉమ్మడి కుటుంబానికి నెలకి రెండు బస్తాల బియ్యం పట్టిందని తప్పు పట్టి, ఇద్దరే ఉండి బస్తా ఖర్చు చేసే ఇంటిని పొదుపుగా ఉన్నారని మెచ్చుకుంటే ఎలా? మనుషుల సంఖ్యతో భాగించాలి. భాగిస్తే అమెరికాలో మనిషికి 14 టన్నుల పైచిలుకు. చైనాలో 8 పైచిలుకు. ఇండియాలో 2. ప్రపంచ సగటు 5కి కాస్త తక్కువ. పంచాంగం అంకెలు గుర్తొచ్చింది ఇక్కడే.

ఈ వాదన కొత్తది కాదు. 1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ తన నివేదికలో ఇండియా, చైనా వంటి దేశాలను కూడా భూమిని వేడెక్కిస్తున్న ముఖ్య దేశాల జాబితాలో చేర్చింది. దానికి జవాబుగా 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకం తెచ్చారు. పేద రైతు వరి మడిలోంచి వచ్చే వాయువునీ, ధనిక దేశపు కారు పొగనీ ఒకే గాటన కట్టడం అన్యాయం, బతకడానికి వదిలేది వేరు, విలాసానికి వదిలేది వేరు అని వారి వాదన. తలసరి లెక్కకి అంతర్జాతీయ చర్చల్లో బలం చేకూర్చిన వాటిలో ఆ పుస్తకం ఒకటి.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఈ వాయువులో చెప్పుకోదగ్గ భాగం వందల ఏళ్ళు గాలిలోనే ఉండిపోతుంది. అంచేత పాత బాకీ కూడా చూడాలి. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి ఇంతవరకూ వెలువడిన దానిలో ఇంచుమించు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. ఇండియాది నూటికి మూడు, నాలుగు పాళ్ళు.

పిల్ల మొహం విప్పారింది. మరుసటి వారం క్లాసులో ఆ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూపించిందట. చప్పట్లు కొట్టారట. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను మీసం మెలేస్తుంటే, పిల్ల పప్పు కలుపుకుంటూ మామూలుగా అడిగింది: "నాన్నా, ఇండియా లైన్లో తాతయ్యా వాళ్ళని లెక్కపెట్టారు కదా. మరి మనల్ని ఏ లైన్లో లెక్కపెట్టారు?"

మా ఆవిడ నా వైపు చూసి నవ్వింది. గురివింద గింజ సామెత మా ఇంట్లో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు.

మా ఇంటి వ్యయం

ఆ శనివారం బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాం. మేం నలుగురం. ఇల్లు మీ అందరి ఇళ్ళలాంటిదే: నాలుగు పడక గదులు, కింద బేస్‌మెంట్, రెండు కార్లు.

కరెంటు ఏడాదికి 11,000 యూనిట్లు. మా రాష్ట్రంలో కరెంటు చాలావరకు గ్యాస్, బొగ్గుల నుంచే వస్తుంది గనుక యూనిట్‌కి దాదాపు అర కిలో కార్బన్ డయాక్సైడ్. అంటే ఐదున్నర టన్నులు. చలికాలం ఫర్నేసుకీ, వేడి నీళ్ళకీ, పొయ్యికీ కలిపి 900 థెర్ముల గ్యాస్. థెర్ముకి 5.3 కిలోల చొప్పున 4.8 టన్నులు.

ఇక కార్లు. రెండూ కలిసి ఏడాదికి 24,000 మైళ్ళు, గ్యాలన్‌కి 25 మైళ్ళు వస్తాయి, 960 గ్యాలన్లు. గ్యాలన్ పెట్రోలు మండితే దాదాపు 8.9 కిలోల వాయువు వస్తుంది. ఇక్కడ అమ్మాయి నన్ను ఆపింది. గ్యాలన్ పెట్రోలు మూడు కిలోలు కూడా తూగదు కదా, తొమ్మిది కిలోలు ఎలా వస్తుంది అని. మంచి ప్రశ్న. పెట్రోలులో ఎక్కువ భాగం కార్బన్. మండేటప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని పట్టుకుంటుంది. కార్బన్ బరువు 12 అయితే ఆ రెండు ఆక్సిజన్లది 32. మొత్తం 44. అందుకే పోసిన దానికి మూడింతలు బయటికొస్తుంది. కళ్ళకి కనపడదు గనుక మనకి తెలియదు. కార్ల పద్దు ఎనిమిదిన్నర టన్నులు.

టన్ను అంటే ఎంతో ఊహకి అందడం కష్టం. మామూలు వాతావరణంలో ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ని ఒక పెట్టెలో పడితే, ఆ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు తలా 27 అడుగులుంటాయి. ఇంచుమించు రెండంతస్తుల మేడ. మా కార్లు ఏటా అలాంటి మేడలు ఎనిమిదిన్నర కట్టి వదిలేస్తున్నాయన్న మాట.

మూడు పద్దులూ కలిపితే 18.8 టన్నులు. నలుగురికి పంచితే మనిషికి 4.7. అచ్చంగా ప్రపంచ సగటు! నేను ఊపిరి పీల్చుకోబోయాను. కాని ఇది మా చేత్తో మండించినది, మా మీటర్లో తిరిగినది మాత్రమే. నేను పనిచేసే ఆఫీసు, పిల్లల బడి, మేం కొనే వస్తువుల ఫ్యాక్టరీలు, వాటిని మోసే ట్రక్కులు, ఆసుపత్రులు, రోడ్లు - వీటన్నిటి పద్దు విడిగా ఉంది. అవన్నీ చేరితేనే 14 అవుతుంది.

తెనాలి ఇంటి లెక్క

ఆదివారం పొద్దున తెనాలికి ఫోన్ చేశాను. మా నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. లెక్క అంటే చాలు, మందులు వేసుకోవడం కూడా మర్చిపోతారు.

"నాన్నగారూ, కరెంటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తున్నారు?"

"ఉండరా, బిల్లులన్నీ ఊచకి గుచ్చే ఉన్నాయి."

పన్నెండు బిల్లులూ చదివారు. కూడితే 1,800 యూనిట్లు. గ్యాస్ బండ మార్చిన రోజల్లా మా అమ్మ వంటింటి క్యాలెండర్లో సున్నా చుడుతుంది. ఏడు సున్నాలు తేలాయి. స్కూటర్‌కి నెలకి పది లీటర్ల పెట్రోలు. దేశంలో కరెంటు అధిక భాగం బొగ్గు నుంచే కనుక యూనిట్‌కి 0.7 కిలోలు వేశాను, 1,260 కిలోలు. 14.2 కిలోల బండ ఒక్కోదానికి 42 కిలోల చొప్పున 300. పెట్రోలు లీటరుకి 2.3 చొప్పున 276. మొత్తం 1,836 కిలోలు. ఇద్దరికి పంచితే తలా ఒక టన్ను కూడా లేదు.

"బొగ్గుపులుసు వాయువు" అన్నారు నాన్నగారు. ఆయన చదువుకున్నప్పుడు తెలుగు పాఠాల్లో దాని పేరదే. "తక్కువ మార్కులొచ్చినందుకు సంతోషపడటం ఇదే మొదటిసారి రా."

వాళ్ళ కరెంటు లెక్కలో నేను పెట్టించిన ఏసీ కూడా ఉంది. 2015 మే నెల వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు. ఆ వార్తలు చూసి భయపడి, అమ్మ వద్దంటున్నా వినకుండా పెట్టించాను. వేసవిలో రాత్రిపూట మాత్రం వేసుకుంటారు. నేను ఇక్కడ జులైలో థెర్మోస్టాట్ 70 దగ్గర పెట్టుకుని, సోఫాలో దుప్పటి కప్పుకుని సినిమా చూస్తుంటాను. రెండూ ఏసీలే. అగర్వాల్, నారాయణ్ చెప్పిన తేడా నాకు పుస్తకంలో కంటే మా దుప్పటిలో బాగా అర్థమైంది.

సగటు వెనక దాక్కున్నవి

"ఇండియాలో మనిషికి రెండు టన్నులంటే, నాన్నగారూ, మీరు అందులో సగమే" అన్నాను గొప్పగా. ఆయన ఒప్పుకోలేదు.

"క్లాసులో ఒకడికి 90, ఇంకొకడికి 10 వస్తే సగటు 50. ఆ యాభై మార్కులవాడు క్లాసులో ఎక్కడుంటాడు రా? మన వీధి చివర బియ్యం మిల్లాయన ఇంట్లో నాలుగు ఏసీలు, రెండు కార్లు. మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయికి రెండు బల్బులు, ఒక ఫ్యాను. వాళ్ళిద్దరికీ తలా రెండు టన్నులని రాస్తావా?"

దేశాల సగటుల్లోనూ ఇలాంటి కథలే ఉన్నాయి. తలసరి జాబితాలో అందరికంటే పైన కనిపించేది కతార్, మనిషికి 35 టన్నులకు పైగా. అక్కడి జనాభాలో నూటికి ఎనభై మందికి మించి పరాయి దేశాల వాళ్ళే. వారిలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వెళ్ళిన మన తెలుగు కూలీలు కూడా ఉన్నారు. ఒకే గదిలో ఎనిమిది మంది పడుకునే మనిషి పేరున కూడా ఆ 35 టన్నులు పడతాయి. నిజానికి ఆ వాయువులో పెద్ద భాగం సహజ వాయువుని వెలికితీసి, ద్రవంగా మార్చి విదేశాలకు పంపే పరిశ్రమది. ఆ గ్యాస్ కొనుక్కునే దేశాల్లో ఇండియా కూడా ఒకటి.

ఫ్రాన్స్ జర్మనీల ప్రజల జీవితాల్లో పెద్ద తేడా లేదు. అయినా 2023లో జర్మన్‌కి 7 టన్నులు, ఫ్రెంచివారికి 4 చిల్లర. ఫ్రెంచివాళ్ళేమీ చీకట్లో కూర్చోవడం లేదు. వాళ్ళ కరెంటులో సుమారు మూడింట రెండు వంతులు అణు విద్యుత్తు. జర్మనీ ఇంకా బొగ్గు కాలుస్తోంది. చైనా 1990లో మనిషికి 2 టన్నుల దగ్గరుండేది, ఇవాళ 8 దాటింది. అందులో కొంత మన ఇళ్ళలో ఉన్న టీవీల, బొమ్మల తయారీ పొగ. వస్తువు మన దగ్గరుంది, పొగ వాళ్ళ ఖాతాలో ఉంది.

ఇండియా కూడా 1990లో ముప్పాతిక టన్ను కూడా ఉండేది కాదు. మూడింతలు కావడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. నా చిన్నప్పుడు మా అమ్మ కిరసనాయిలు స్టవ్ పొగలో దగ్గుతూ వంట చేసింది, నేను లాంతరు ముందు చదువుకున్న రాత్రులు ఎన్నో. ఆ పెరిగిన అంకెలో అమ్మ గ్యాస్ పొయ్యి, ఊళ్ళో పిల్లల ట్యూబులైటు ఉన్నాయి. అదే సమయంలో అమెరికా 20 నుంచి 14కి దిగింది. మన మంచితనం వల్ల కాదు. 2005లో ఇక్కడి కరెంటులో సగం బొగ్గుది. 2023కి అది ఆరో వంతుకి పడిపోయింది. దాని స్థానంలో గ్యాస్, గాలిమరలు, సౌర విద్యుత్తు వచ్చాయి.

కాని ఒక భాగహారానికి తిరుగు లేదు. 140 కోట్ల పైచిలుకు భారతీయులందరూ నాలాగే 14 టన్నులకు చేరితే 2,000 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా వదిలే దానిలో సగానికి మించి. తెనాలి వాళ్ళు నాలా బతకకూడదు అనే హక్కు నాకు లేదు. వాళ్ళు తక్కువ వాడుతున్నారు కాబట్టి నేను ఎక్కువ వాడొచ్చు అనే హక్కు కూడా లేదు. నేను చేసింది మాత్రం అచ్చంగా అదే. వాదనలో ఇండియా వాణ్ణి, బిల్లులో అమెరికా వాణ్ణి.

ఎవరి ఖాతాలోనూ పడని ప్రయాణం

అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన పద్దు చివరికి మిగిలింది. రెండేళ్ళకోసారి మా ఇండియా ప్రయాణం. పోను రాను ఇంచుమించు 27,000 కిలోమీటర్లు. పెద్ద విమానం మనిషికి వంద కిలోమీటర్లకి సుమారు మూడు లీటర్ల ఇంధనం తాగుతుందనుకుంటే 800 లీటర్లు. మండితే రెండు టన్నులు. ఒక్క సీటు, ఒక సగటు భారతీయుడి ఏడాది మొత్తం. మా నలుగురివీ ఎనిమిది టన్నులు. అమ్మానాన్నల నాలుగేళ్ళ ఖర్చుకి మించి, వాళ్ళని చూడటానికి వెళ్ళి రావడంలో అయిపోతుంది.

చిత్రమేమిటంటే అంతర్జాతీయ విమానాల ఇంధనం ఏ దేశపు మొత్తంలోనూ కలపరు. ఐక్యరాజ్య సమితికి పంపే లెక్కల్లో విడిగా చూపిస్తారు. అమెరికా 14లో అది లేదు, ఇండియా 2లో లేదు. ఆ పద్దు కూడా మనలాంటిదే, ఇటూ కాదు, అటూ కాదు.

ఈ లెక్క చూశాక మేం ఒక నిర్ణయానికి వచ్చాం. వెళ్తే ఆరు వారాలుండేలా వెళ్దాం, మూడేళ్ళకోసారి వెళ్దాం. ఆ మాట అనుకుని మూడు నెలలు కాలేదు. జనవరిలో నాన్నగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. దొరికిన మొదటి విమానం ఎక్కేశాను. రెండు టన్నులు. ఎక్కేటప్పుడు ఆ అంకె గుర్తు రాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది, ఎక్కాను.

మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆయనే అడిగారు, "ఎంత రా ఈసారి?" చెప్పాను. కాసేపు కళ్ళు మూసుకుని, "ఇది వదిలెయ్. వదలగూడనిది వదిలి, వదలాల్సినవి పట్టుకుని కూర్చోకు. ఆ మిగతా పద్దులు చూడు" అన్నారు.

మిగతా పద్దులు

చూశాం. అటక మీద ఇన్సులేషన్ మందంగా వేయించాం. థెర్మోస్టాట్ వేసవిలో 77, చలికాలం 67. మొదటి వారం ఇంట్లో అందరూ నన్ను తిట్టారు, రెండో వారం మర్చిపోయారు.

అసలు దొంగ మాత్రం కూచిపూడి క్లాసు దగ్గర దొరికింది. మా పేట నుంచి నలుగురు పిల్లలు ప్రతి శనివారం 22 మైళ్ళ దూరం వెళ్తారు. నాలుగు ఇళ్ళ నుంచి నాలుగు ఏడు సీట్ల వ్యాన్లు, ఒక్కో దానిలో ఒక పిల్ల. వెళ్ళిన తల్లిదండ్రులందరం ఒకే పార్కింగ్ లాట్‌లో ఇంజన్లు ఆపకుండా ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం. ఇప్పుడు వంతులవారీగా ఒకే వ్యాను వెళ్తోంది. ఏడాదికి నలభై శనివారాలు, మూడు వ్యాన్లు మానితే 5,280 మైళ్ళు. గ్యాలన్‌కి 20 మైళ్ళు వేసుకున్నా రెండు టన్నుల పైచిలుకు. నేను నాన్నగారి కోసం ఎక్కిన విమానం పద్దు అక్కడ తీరిపోయింది. ఎవరూ ఏమీ వదులుకోలేదు. పైగా మూడు శనివారాలు పొద్దున్నే నిద్ర దక్కుతోంది, పిల్లలు దారంతా తెలుగులో దెబ్బలాడుకుంటున్నారు.

వీటితో భూమి చల్లబడుతుందని నేననను. 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళకీ 315 పాళ్ళున్న ఈ వాయువు 2024 నాటికి 420 దాటింది. ప్రభుత్వాలు, కరెంటు కంపెనీలు చేయాల్సింది వాళ్ళు చేయాలి. కాని రేపు ఎవరైనా మా అమ్మాయితో "మీవాళ్ళు అంతమంది ఉన్నారుగా" అంటే, తాతయ్య లెక్కతో పాటు మా లెక్క కూడా చూపించగలగాలి. తాతయ్య అంకెని మేం అరువు తెచ్చుకోకూడదు.

మనలో చాలామంది పిల్లలు ఆదివారం తెలుగు బడికీ, గుడికీ, సంగీతానికీ ఒకే దారిన విడివిడి కార్లలో వెళ్తున్నారు. ఈ ఉగాది వేడుకల్లో రిజిస్ట్రేషన్ బల్ల పక్కన నేను ఒక కాగితం పెట్టుకుని కూర్చుంటాను. మీ పేట పేరు, పిల్లలు వెళ్ళే క్లాసు, వెళ్ళే వేళ రాయండి. పంచాంగ శ్రవణంలో మీ రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని వచ్చినా సరే, బల్ల దగ్గరికి మాత్రం రండి. నాన్నగారు ఇప్పుడు కర్ర సాయంతో వీధి చివరి దాకా నడుస్తున్నారు. స్కూటర్ పద్దు కొట్టేయమని కబురు పంపారు.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.